హేలో మొదటి గేమ్: లైబ్రరీ మిషన్ దాటేదెలా?

ప్రశ్న (కొత్తపేట):
అన్నా, సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌బాక్స్ (గేమ్ కన్సోల్) కొన్నాం. హేలో గేమ్‌లన్నీ కలిపిన మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో మొదటి గేమ్, నేనూ తమ్ముడూ ఒకే టీవీలో స్ప్లిట్ స్క్రీన్‌లో, హీరోయిక్ అనే కష్టమైన లెవెల్ మీద ఆడుతున్నాం. లైబ్రరీ మిషన్‌లో ఇరుక్కుపోయాం. ఫ్లడ్ అనే పరాన్నజీవి శత్రువులు గుంపులుగా మీద పడుతున్నాయి, తలకు గురిపెట్టి కొట్టినా చావడం లేదు. ఏ గన్ పట్టుకోవాలి?

జవాబు 1 (సైనిక్‌పురి):
తమ్ముడూ, ఫ్లడ్‌కి తల గురి పనిచేయదు. ఇద్దరూ షాట్‌గన్ తీసుకోండి, బాగా దగ్గరికి రానిచ్చి కొట్టండి. అందులో 12 తూటాలు పడతాయి, ఒక్కొక్కటిగా ఎక్కుతాయి. మధ్యలో శత్రువొస్తే లోడింగ్ ఆపి వెంటనే కాల్చేయొచ్చు. షీల్డ్ (మన రక్షణ కవచం) దానంతటదే నిండుతుంది కానీ హెల్త్ నిండదు, హెల్త్ ప్యాక్ దొరకాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరూ ఒకేసారి ముందుకు దూకకండి. ఒకరు పోయినా రెండోవాళ్లు గొడవకు దూరంగా ఉంటే పోయినవాళ్లు పక్కనే మళ్లీ పుడతారు.

జవాబు 2 (మెహదీపట్నం):
పైన అన్న చెప్పింది కరెక్ట్. తర్వాతి మిషన్‌లో కవెనెంట్ (గ్రహాంతరవాసుల సైన్యం) మళ్లీ వస్తుంది. ప్లాస్మా పిస్టల్ ట్రిగ్గర్ నొక్కిపట్టి వదిలితే ఎలైట్ (కవెనెంట్ యోధుడు) షీల్డ్ ఎగిరిపోతుంది, ఆపైన మామూలు పిస్టల్‌తో తలకు ఒక్కటి చాలు. ఫ్లడ్, కవెనెంట్ కొట్టుకుంటుంటే మధ్యలో దూరొద్దు. 2001 నవంబర్ 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటే వచ్చిన గేమ్ ఇది. శత్రువులు ఇంత తెలివిగా పోరాడటం నాకిప్పటికీ ముచ్చటే.

ప్రశ్నించినవారు:
థాంక్స్ అన్నా! తమ్ముణ్ణి వెనక నిలబెట్టి షాట్‌గన్‌తో వెళ్లా. దాటేశాం.