స్పీడ్ టెస్టులో 60 ఎంబీపీఎస్, పేజీ తెరుచుకోడానికి 8 సెకన్లు. కొలవడం ఎలా?

సిగ్నల్‌పిచ్చి:
4జీ, బ్యాండ్ 40 (ఫోన్ వాడే రేడియో తరంగాల పట్టీ). రాత్రి తొమ్మిదికి వార్తల సైటు నత్తనడక, తెల్లారి ఆరింటికి చకచకా. స్పీడ్ టెస్టు రెండు వేళల్లోనూ బాగానే చూపిస్తోంది. అసలు ఏ అంకె చూడాలి?

నెట్‌మేస్త్రి:
స్పీడ్ టెస్టు దగ్గర్లోని సర్వరుకు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, పైపు ఎంత లావో చెబుతుంది. పేజీకి ముఖ్యం డేటా పోయిరావడానికి పట్టే సమయం. కొత్త సర్వరు తగిలినప్పుడల్లా డీఎన్ఎస్‌కి (సైటు పేరుకి చిరునామా వెతకడం) ఒక రౌండ్, టీసీపీకి (కనెక్షన్ కలపడం) ఒకటి, టీఎల్ఎస్ 1.3కి (డేటా రహస్యంగా పోయే ఏర్పాటు) ఒకటి, రిక్వెస్టుకి ఒకటి. రౌండ్‌కి 50 మిల్లీసెకన్లయితే మొత్తం 200. రాత్రి ఒక్కో రౌండే 200కి పెరిగితే మొదటి బైటు రాకముందే 800 పోయాయి. ప్రకటనల సర్వర్లకు మళ్లీ ఇదే తంతు.

కేబుల్‌కట్ట:
ఫోన్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, లాప్‌టాప్‌కి కలిపి, లాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ (chrome://inspect) తెరవండి. ఫోన్లో వైఫై ఆపేయాలి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిజేబుల్ క్యాష్’ టిక్ పెట్టకపోతే రెండోసారి నుంచి మీరు కొలిచేది ఫోన్ మెమరీనే. ఒక్కో వరుస మీద మౌస్ పెడితే, ‘ఇనిషియల్ కనెక్షన్’ పొడవుగా ఉందా, ‘వెయిటింగ్’ (సర్వరు జవాబు కోసం ఎదురుచూపు) పొడవుగా ఉందా తెలుస్తుంది. మొదటిదైతే అనుమానం నెట్‌వర్క్ మీదే. రెండోదైతే అదే పేజీని ఫైబర్ వైఫైలో కూడా తెరిచి చూడండి. అక్కడా అంతే ఉంటే తప్పు సైటుది.

సిగ్నల్‌పిచ్చి:
రీలోడ్ కొడితే ఇనిషియల్ కనెక్షన్ అసలు కనబడట్లేదండి.

కేబుల్‌కట్ట:
పాత కనెక్షనే వాడుకుంటోంది. కొలతకీ కొలతకీ మధ్య పది సెకన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

టవర్‌కాడ:
అక్కడే జాగ్రత్త! తిరిగొచ్చాక ఫోన్ వేరే బ్యాండ్ పట్టుకోవచ్చు. బ్యాండ్ 5కి మారితే ఆ కొలత పక్కన పడేయండి. ప్రతి కొలత పక్కనా బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (జోక్యం, రొదలతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో) రాసుకోవాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ పొద్దునా రాత్రీ -85 దగ్గరే ఉండి, ఎస్‌ఐఎన్‌ఆర్ 18 నుంచి 3కి పడిందంటే సిగ్నల్ తగ్గలేదు, చుట్టుపక్కల సెల్స్ రద్దీ వల్ల జోక్యం పెరిగింది. సిగ్నల్ గీతలు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు, దయచేసి.

నెట్‌మేస్త్రి:
పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి, అది పోయిరావడానికి పట్టే సమయం చూడడం) కొట్టేటప్పుడు మొదటి అంకె వదిలేయండి, అందులో నిద్రలో ఉన్న రేడియో లేచే ఆలస్యం కలుస్తుంది. ఇంకోటి, పెద్ద ఫైలు దిగుతుండగా కూడా పింగ్ చూడండి. 50 కాస్తా 600 అయితే బఫర్లో (డేటా కాసేపు ఆగే తాత్కాలిక నిల్వలో) ప్యాకెట్లు క్యూ కట్టాయన్నమాట, స్పీడ్ టెస్టు డౌన్‌లోడ్ అంకెలో ఇది దొరకదు. వేళకి పదేసి కొలతలు, ఫోన్ ఒకే కిటికీ దగ్గర. సగటు వద్దు, మధ్య విలువ (కొలతల్ని చిన్న నుంచి పెద్దకి పేరిస్తే నడుమ వచ్చేది) తీసుకోండి. ఒక్క 30 సెకన్ల టైమౌట్ చాలు సగటును పాడుచేయడానికి.