బోర్డు ఫైళ్లు అందరికీ ఇచ్చాను, అవతల చిప్ కాలిపోయింది

ప్రశ్న (అమలాపురం):
జెడ్80 అనే పాత ప్రాసెసర్ చిప్‌తో నేను చేసిన కంప్యూటర్ బోర్డు గెర్బర్ ఫైళ్లు (బోర్డు తయారు చేయించుకునే డిజైన్ ఫైళ్లు) అందరికీ పెట్టాను. రాజోలు కుర్రాడొకడు బోర్డు చేయించుకుని పవర్ ఇస్తే చిప్ కాలిపోయిందట. తప్పు నాదే. వోల్టేజీని 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లు ఫైల్లో తారుమారు. నా బోర్డు మీద దాన్ని వెనక్కి తిప్పి సోల్డర్ చేసుకున్నాను, ఫైలు దిద్దడం మరిచాను. రాత్రి నిద్ర లేదు. అన్నీ తీసేయనా?

జవాబు (రావులపాలెం):
తీసెయ్యకు తమ్ముడూ. పాత ఫైలు మీద ‘వాడొద్దు’ అని కారణంతో సహా రాయి. దిద్దింది కొత్త నంబరుతో పెట్టు, ఆ నంబరు బోర్డు మీదే అచ్చవ్వాలి. పెట్టేముందు ఆ ఫైలుతోనే ఒక బోర్డు చేయించి చూడు. కుర్రాడికి చిప్ నువ్వే కొనిపెట్టు. జెడ్80కి దాన్ని తయారుచేసే జైలాగ్ కంపెనీ 2024లోనే ఆఖరి ఆర్డర్లు తీసుకుంది, నకిలీలుంటాయి, జాగ్రత్త.

జవాబు (భీమవరం):
ఫైళ్లతో పాటు వాటిని వాడుకునే షరతులు చెప్పే లైసెన్సు కూడా పెట్టండి. యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ల ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సులో వారంటీ లేదని స్పష్టంగా ఉంటుంది.

అడిగినవారు:
ఇప్పుడే కుర్రాడికి ఫోన్ చేశాను. ఆదివారం చిప్ పట్టుకుని రాజోలు వెళ్తున్నా.