జి-బ్యాండ్లు రాకపోతే తప్పు ట్రిప్సిన్‌దా, స్లైడ్‌దా?

మెటాఫేజ్46: క్రోమోజోములున్న స్లైడ్‌ని ట్రిప్సిన్ అనే ప్రొటీన్లను తినే ఎంజైములో కాసేపు ముంచి, జిమ్సా రంగు వేస్తే వచ్చే ముదురు, లేత పట్టీలే జి-బ్యాండ్లు. అవి సరిగా రాలేదని ఎవరు అడిగినా వచ్చే సలహా ఒకటే: ట్రిప్సిన్ సమయం మార్చి చూడండి. నేను దీనికి అడ్డం పడుతున్నాను. ముందు చూడాల్సింది స్లైడ్‌ని.

నమ్మకపోతే చేసి చూడండి. 72 గంటలు పెంచిన రక్తకణాల కల్చర్, ఒకే పెల్లెట్ (అడుగున పేరుకున్న కణాల ముద్ద), రెండు స్లైడ్లు. ఒకటి ఆరగానే తీసుకోండి, రెండోదాన్ని 90 డిగ్రీల ఓవెన్‌లో గంట ఉంచి చల్లారనివ్వండి. రెండిటినీ ఒకే కోప్లిన్ జార్‌లో (స్లైడ్లు నిలబెట్టి ముంచే గాజు పాత్ర), 0.025 శాతం ట్రిప్సిన్‌లో 20 సెకన్లు ముంచండి. తాజా స్లైడ్‌లో క్రోమోజోములు ఉబ్బి, అంచులు చెదిరి దూదిపింజల్లా ఉంటాయి. ఓవెన్‌లో పెట్టినదాంట్లో బ్యాండ్లు విడివిడిగా తేలతాయి. ఎంజైమూ అదే, సమయమూ అదే. మరి తేడా ఎక్కడిది?

జిమ్సా_ఊదా: ఆ తేడా నిజమే, కాదనను. అయితే మీ ప్రయోగంలో ట్రిప్సిన్‌ని మారకుండా పట్టుకున్నారు కాబట్టి స్లైడే కనబడింది. రోజువారీ పనిలో ట్రిప్సిన్ అలా కుదురుగా ఉండదండీ. 37 డిగ్రీల్లో అది తనను తానే తినేస్తుంది. పొద్దున 20 సెకన్లు సరిపోయిన జార్‌లోనే సాయంత్రానికి 40 పట్టొచ్చు. ఎంజైము తయారీ లాట్ మారితే మళ్లీ మొదటికే. అందుకే చిన్న చిన్న వాయిల్స్‌లో ఫ్రీజ్ చేసి, ఏ పూటకాపూట కరిగించుకోవాలి. కలిపే సెలైన్‌లో (ఉప్పునీటిలో) కాల్షియం, మెగ్నీషియం ఉండకూడదు.

ఆపే చోట కూడా చాలామంది తప్పుతారు. ఉత్త సెలైన్‌లో ఒకసారి ముంచి తీస్తే స్లైడ్‌కి అంటుకున్న ఎంజైము పని చేస్తూనే ఉంటుంది. సీరం కలిపిన చల్లటి సెలైన్‌లో ముంచితే సీరంలోని నిరోధకాలు దాన్ని పట్టేస్తాయి. ఇది చెయ్యకుండా "15 సెకన్లు పెట్టాను" అంటే ఆ 15కి అర్థం లేదు.

హైపోటానిక్: మీరిద్దరూ చివరి మెట్టు దగ్గర కొట్టుకుంటున్నారు. కణవిభజనను మెటాఫేజ్ దగ్గర, అంటే క్రోమోజోములు విడిగా కనబడే దశలో, ఆపే మందు కొల్సెమిడ్. దాన్ని కల్చర్‌లో మిల్లీలీటరుకి 0.1 మైక్రోగ్రాము చొప్పున వేసి రెండు గంటలు వదిలేస్తే క్రోమోజోములు కుదించుకుపోయి మొద్దుల్లా అవుతాయి. పక్కపక్క బ్యాండ్లు కలిసిపోయాక వాటిని ఏ ట్రిప్సినూ విడదీయలేదు. 20, 30 నిమిషాలకే ఆపితే మెటాఫేజ్‌లు తక్కువగా దొరుకుతాయి, కానీ పొడవుగా ఉంటాయి. 1976లో శాస్త్రవేత్త యూనిస్ చెప్పిన హై-రిజల్యూషన్ (మరిన్ని బ్యాండ్లు చూపే) పద్ధతి కిటుకూ ఇదే: డీఎన్ఏ తయారీని ఆపే మెథోట్రెక్సేట్‌తో కణాలన్నిటినీ ఒకే దశలో నిలిపి, డీఎన్ఏ ముడిసరుకైన థైమిడిన్‌తో వదిలి, కుదించుకుపోకముందే పట్టుకోవడం.

కణాలను చెడకుండా నిలిపే ద్రవం, ఫిక్సేటివ్ (ఫిక్స్), సంగతి ఎవరూ ఎత్తలేదు. మెథనాల్ మూడు పాళ్లు, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు కలిపి నిలవ ఉంచితే రెండూ చర్య జరిపి మిథైల్ ఎసిటేటు, నీరు ఏర్పడతాయి. ఆ నీటితోనే సగం గొడవ. స్లైడ్ వేసే రోజున పెల్లెట్‌కి అప్పటికప్పుడు కలిపిన ఫిక్స్ మార్చండి.

మెటాఫేజ్46: హైపోటానిక్ గారూ, మీరు చెప్పినదంతా నా వైపుకే వస్తోంది. కొల్సెమిడ్, కణాలను ఉబ్బించే పొటాషియం క్లోరైడ్, ఫిక్స్, వీటన్నిటి ఫలితం తేలేది స్లైడ్ మీదే కదా. రంగు వేయకముందే ఫేజ్ కాంట్రాస్ట్‌లో (రంగు లేని కణాలను కూడా చూపే మైక్రోస్కోప్‌లో) చూస్తే అక్కడే తెలిసిపోతుంది. క్రోమోజోములు ముదురు బూడిద రంగులో చదునుగా ఉంటే సరే. గాజుపూసల్లా మెరుస్తున్నాయంటే మరీ త్వరగా ఆరాయన్నమాట. చుట్టూ మసక పొర ఉంటే సైటోప్లాజం పోలేదు, ట్రిప్సిన్ ముందు దాన్ని తినడానికే ఖర్చవుతుంది. 25 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర ఆరబెట్టి చూడండి. తేమ బాగా ఎక్కువైతే మెటాఫేజ్ చెదిరిపోయి 46 క్రోమోజోముల లెక్క తేలదు.

జిమ్సా_ఊదా: ఫేజ్‌లో చూడాలన్నదానికి ఒప్పుకున్నా. కానీ 90 డిగ్రీల్లో గంట అన్నదాన్ని సూత్రంలా చెప్పకండి. 60 డిగ్రీల్లో రాత్రంతా ఉంచినా అదే పని జరుగుతుంది, సమయం ఉంటే నాకు అదే నచ్చుతుంది. మరీ ఎక్కువ ఎండిన స్లైడ్‌కి ట్రిప్సిన్ రెట్టింపు పట్టినా బ్యాండ్లు పాలిపోయినట్టే ఉంటాయి. పైగా ఎముకమజ్జ మెటాఫేజ్‌లు ఎంత బాగా ఆరబెట్టినా పొట్టిగా, మసగ్గానే వస్తాయి. రక్తపు స్లైడ్ల సమయాలే వాటికీ పెడితే పాడవుతాయి.

నేను చేసేది ఇది: బ్యాచ్‌లోంచి ఒక్క స్లైడ్‌ని బలివ్వడం. దాన్ని మూడు భాగాలుగా 10, 20, 30 సెకన్లు ముంచి, పీహెచ్ 6.8 బఫర్‌లో 5 శాతం జిమ్సా నాలుగు నిమిషాలు వేసి, ఎక్స్ క్రోమోజోమ్‌ని వెతకడం. నడుం నొక్కుకి అటూ ఇటూ ఉన్న రెండు చేతుల్లో, పొట్టి చేతి నడుమ ఒకటి, పొడవు చేతి మీద ఒకటి, రెండు ముదురు పట్టీలు స్పష్టంగా ఉండాలి. నిలువునా ఒకే ముదురు రంగులో ఉంటే ట్రిప్సిన్ చాలలేదు. పట్టీలు ఉన్నా అంచులు తినేసినట్టుంటే ఎక్కువైంది. 19వ క్రోమోజోమ్‌తో మాత్రం పోల్చకండి, అది ఎలా చేసినా పాలిపోయే ఉంటుంది.

హైపోటానిక్: ఒక్క మాట. ట్రిప్సిన్ చాలని స్లైడ్‌ని పారేయకండి. మెథనాల్‌లో రంగు తీసేసి, ఆరబెట్టి, మొదటిదానిలో సగం సమయం మళ్లీ ముంచవచ్చు. ఎక్కువైనదాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే అనుమానం ఉన్నప్పుడు తక్కువ వైపే మొదలుపెట్టండి.