మడ్‌స్కిపర్ల మోత, కప్పల బెకబెక: మూలం ఒకటేనా?

వెన్నెముక:
ఉభయచర చేపల మీద ఇక్కడ ఎన్ని చర్చలు నడిచినా అన్నీ ఊపిరి, రెక్కల దగ్గరే ఆగిపోతున్నాయి. శబ్దం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మడ్‌స్కిపర్లు (బురద మీద పాకే చిన్న చేపలు) నీళ్ల బయట ఒకదానితో ఒకటి తలపడేటప్పుడు శబ్దాలు చేస్తాయని 2011లో పోల్గార్ బృందం రికార్డు చేసి చూపించింది. 2022లో జార్జెవిచ్-కోహెన్ బృందం తాబేళ్లు, టువటారా (న్యూజిలాండ్‌లోని బల్లిలాంటి సరీసృపం), సిసీలియన్లు (కాళ్లు లేని ఉభయచరాలు), లంగ్‌ఫిష్ (ఊపిరితిత్తులున్న చేప) కలిపి 53 జాతులను రికార్డు చేసింది. వీటిలో చాలావాటిని అంతవరకు మూగవనే అనుకున్నారు. లంగ్‌ఫిష్‌కూ నాలుగు కాళ్ల జీవులకూ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుడే, సుమారు 40.7 కోట్ల ఏళ్ల కిందట, శబ్దంతో సంభాషించిందని తేల్చింది. నా వాదన కూడా అదే. నేలెక్కకముందే గొంతు ఉంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

శంఖం_42:
నేను కాదంటాను. ముందు మీరు రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. మడ్‌స్కిపర్ గోబీలనే చిన్న చేపల కుటుంబానికి చెందింది, లంగ్‌ఫిష్‌కు దగ్గరి చుట్టం కాదు. నీళ్లు వదలని గోబీలు కూడా ఇలాంటి శబ్దాలు చేస్తాయి. దానికి కప్పతో ముడి పెట్టకండి. కిరణ రెక్కల చేపల్లోనే (ఇవాళ్టి చేపల్లో చాలావరకు ఇవే) శబ్దం చేసే అలవాటు విడివిడిగా కనీసం 33 సార్లు పుట్టిందని 2022లో రైస్ బృందం లెక్కగట్టింది. నాలుగు కాళ్ల జీవుల్లో 1,800 జాతులను చూసిన చెన్, వీన్స్ (2020) కూడా ఇదే అన్నారు: ప్రధాన వంశాల్లో ఇది ఎక్కువగా గత 10–20 కోట్ల ఏళ్లలో, విడివిడిగా, రాత్రిపూట తిరిగే జీవనంతో ముడిపడి వచ్చింది.
ఇంకో మాట. శబ్దం చేసినంత మాత్రాన సంభాషణ అయిపోదు. ఆ శబ్దాన్ని ఒక్కదాన్నే వినిపించి, ఎదుటి చేప తీరు మారిందని చూపించాలి. చూపించారా?

బుడగ:
మంచి టాపిక్. ఫాలో అవుతున్నా.

వెన్నెముక:
మళ్లీ అదే పట్టు! ఒక మడ్‌స్కిపర్ ఇంకోదాని మీదికి వస్తుంది, వీపు రెక్క నిక్కబొడుస్తుంది, నోరు తెరుస్తుంది, అదే సమయంలో శబ్దం చేస్తుంది. ఇంత చూశాక కూడా అది ఉత్త చప్పుడేనా?

శంఖం_42:
రెక్క చూసి బెదిరిందో, శబ్దం విని బెదిరిందో విడదీసి చూపించండి. నేనడిగేది అదొక్కటే.

రేవతి_జువాలజీ:
శంఖం గారూ, ఈ 'విడదీసి చూపించు' మాట నాకు బాగా తెలుసు. పీజీలో క్యాట్‌ఫిష్ శబ్దాల మీద ప్రాజెక్టు చేస్తానన్నాను. ముందు రెక్క ముల్లును కీలులో రాపిడి చేసి కిర్రుమనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే వేళ్లకు ఆ అదురు తెలుస్తుంది. "బయటికి తీస్తే చేప బాధతో చేసే చప్పుడు, అందులో ఏముంది" అని మా గైడ్ ఒక్క మాటతో కొట్టేశారు. రికార్డు చేయనివ్వరు, తర్వాత రికార్డు లేదు కాబట్టి శబ్దం లేదంటారు.

శంఖం_42:
మేడమ్, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది 40 కోట్ల ఏళ్ల నాటి జీవికి సాక్ష్యం కాదు.

వెన్నెముక:
ఆవిడ చెప్పిందాన్ని అలా తీసిపారేయకండి!

నత్తగుల్ల:
నాదో సందేహం. గాలిలో చేసిన శబ్దం అసలు చేపకు వినిపిస్తుందా?

రేవతి_జువాలజీ:
నత్తగుల్ల గారూ, గాలి నుంచి నీటిలోకి శబ్దశక్తిలో వెయ్యింట ఒక వంతే దాటుతుంది. చేప ఒంటి సాంద్రత దాదాపు నీటిదే, పైగా కర్ణభేరి లేదు. కాబట్టి గాలిమార్గం కష్టం. కానీ మడ్‌స్కిపర్ పొట్ట తడి బురదకు ఆనించి కూర్చుంటుంది, కంపనం బురదలోంచి నేరుగా ఒంట్లోకి వెళ్లగలదు. 2011 మడ్‌స్కిపర్ పేపర్ రాసినవాళ్లలో శిలాజ శాస్త్రవేత్త జెన్నిఫర్ క్లాక్ ఉన్నారు. ఆవిడ గ్రీన్‌లాండ్‌లో దొరికిన అకాంతోస్టీగా అనే తొలి నాలుగు కాళ్ల జీవి శిలాజాన్ని పరిశోధించారు. దాని స్టేపిస్ (చెవిలో ఉండే ఎముక) లావుగా, మొద్దుగా ఉంటుంది, గాలిలో శబ్దానికి పనికొచ్చే రకం కాదు. తొలి నేల జీవులు కూడా నేల అదురునే విని ఉండొచ్చు. నాకు ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మూలం ఒకటా పదా అన్నది తర్వాత.

శంఖం_42:
ఉండొచ్చు, ఉండొచ్చు. ఇలా అయితే ఏదైనా ఉండొచ్చు.

వెన్నెముక:
మీకు ఎంత చూపించినా చాలదు. తాబేలు మూగదన్నారు, రికార్డు చేస్తే శబ్దం వచ్చింది. ఇప్పుడు అది సంభాషణ కాదంటున్నారు. రేపు ఇంకోటి అంటారు. గోల్‌పోస్ట్ జరపడం ఆపండి సర్!

శంఖం_42:
జరుపుతున్నది మీరు! మైకులో పడిన ప్రతి చప్పుడునూ జాతుల పట్టికలో 'మాట్లాడుతుంది' గడిలో వేసి వంశవృక్షం గీస్తే మూలం పాతదిగానే వస్తుంది. రావాల్సిందే.

వెన్నెముక:
ఎవరూ మైకు పెట్టని జాతిని 'మూగ' గడిలో వేస్తే మూలం కొత్తదిగానే వస్తుంది. అదీ రావాల్సిందే. తెలియనిదాన్ని తెలియదనే ఉంచాలి.

రేవతి_జువాలజీ:
పొద్దుట్నుంచీ మీరిద్దరూ పోట్లాడుతున్నది దీని మీదే, చేపల మీద కాదు. ఖాళీ గడిలో ఏం రాయాలన్నదే గొడవ. ఇంకోటి. శబ్దాన్ని నడిపే నరాల వలయం వెనుక మెదడుకూ వెన్నుపాముకూ మధ్య ఒకే చోట చేపల్లోనూ కప్పల్లోనూ పక్షుల్లోనూ ఉందని 2008లో బాస్ బృందం చూపింది. నరాలు పాతవి, శబ్దం చేసే అవయవం మాత్రం ఒక్కో వంశంలో ఒక్కోటి. మూలం అన్నప్పుడు మీరు ఏది లెక్కిస్తున్నారో ముందు చెప్పండి.

వెన్నెముక:
నరాలు.

శంఖం_42:
ప్రవర్తన. వినే చేప స్పందించేదాకా నా గడి ఖాళీగానే ఉంటుంది. 'మూగ' అని రాయను, 'మాట్లాడుతుంది' అనీ రాయను.

వెన్నెముక:
సరే, ఆ ఖాళీ గడులతోనే చెన్, వీన్స్ లెక్క మళ్లీ వేస్తే ఎన్ని వంశాలు విడివిడిగా మిగులుతాయో చెప్పండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.