బుల్లెట్ 350కి కారు ఎస్‌యూ కార్బురేటర్ పడుతుందా?

ప్రశ్న: పాత బండి, బెజవాడ. 1.25 అంగుళాల ఎస్‌యూ హెచ్‌ఎస్2 దొరికింది. ఆటోనగర్‌లో లేత్ మీద మానిఫోల్డ్ (కార్బురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే గొట్టం) చేయిద్దామనుకుంటున్నా. ఏం చూసుకోవాలన్నా?

జవాబు: పడుతుంది తమ్ముడూ, కానీ బండి మీదుండే 24 మి.మీ. మిక్‌కార్బ్ కార్బురేటర్ చోట 32 మి.మీ.ది అంటే పెద్దదే. లోపల మెట్టు రాకుండా సన్నగా టేపర్ చేయించు, లేకపోతే పెట్రోలు అక్కడే చుక్క కడుతుంది. ఇంజిన్ వేడి ఎక్కకుండా మానిఫోల్డ్‌కీ కార్బురేటర్‌కీ మధ్యలో బేకలైట్ ముక్క పెట్టు. ఫ్లోట్ గిన్నె నిటారుగా ఉండాలి.

జవాబు: అసలు తంటా కార్బురేటర్ లోపలి పిస్టన్ వణుకు. సింగిల్ సిలిండర్ రెండు చుట్లకోసారే పీలుస్తుంది, పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది. డాష్‌పాట్‌లో (ఆ పిస్టన్ కదలికని నెమ్మదింపజేసే ఆయిల్ గొట్టం) కాస్త చిక్కటి ఆయిల్ పొయ్యి. జెట్ నట్ (కార్బురేటర్ కింద పెట్రోలు పాళ్లు సరిచేసే నట్) పూర్తిగా పైకి తిప్పి, 12 పలకలు దించు. ఇంజిన్ వేడెక్కాక పిస్టన్ ఒక మి.మీ. లోపే ఎత్తి చూడు: స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), ఆగిపోతే లీన్ (పెట్రోలు తక్కువ).

ప్రశ్న అడిగినవారు: 12 పలకలంటే?

జవాబు: రెండు చుట్లు. నట్‌కి ఆరు పలకలేగా!