అప్‌డేట్: ఎండు మామిడి ముక్కలకు బూజు – కారణం తెలిసింది

డీహైడ్రేటర్‌లో (వేడి గాలితో ఆరబెట్టే యంత్రం) ఎండబెట్టిన బంగినపల్లి మామిడి ముక్కలు సీసాలో బూజు పడుతున్నాయని అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వేడి ఎక్కువ కావడమే కారణం. 70 డిగ్రీల దగ్గర పైపొర ముందే గట్టిపడి, లోపలి తడిని బయటికి రానివ్వలేదు. ముక్కను చీల్చి చూస్తే మధ్యలో తడి జిగట! ఇప్పుడు అర సెంటీమీటరు మందాన సమానంగా కోసి, 57 డిగ్రీల సెల్సియస్‌లో ఆరబెడుతున్నాను. చల్లారాక సీసాలో మూడింట రెండు వంతులే నింపి, వారం పాటు రోజూ కుదపమన్న సలహా అన్నిటికన్నా గొప్పది. గాజు లోపల చెమ్మ కనిపిస్తే ముక్కలు మళ్లీ ట్రేలకెక్కాల్సిందే.

నిమ్మరసం రంగు నిలపడానికి మంచిదే కానీ, నా బూజు సమస్యను తీర్చలేదు. డీహైడ్రేటర్ ఫ్యాను కూడా బాగానే ఉందని మెకానిక్ చెప్పాడు. రసాల రకం మామిడిపండ్లు మాత్రం తాండ్రకే ఉంచుకోండి, ముక్కలకు పీచు లేని బంగినపల్లే నయం.