నాణేలు ఎగరేసి నవల రాయొచ్చా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
అన్నా, అక్కా, ఒక నవల మొదలుపెట్టినా. బంగారంగట్లో గుమాస్తా, ఏ కష్టమొచ్చినా బ్రహ్మంగారి మఠానికి పరిగెత్తే వాళ్లమ్మ. నాణేలేసి జోస్యం చూసే చైనావాళ్ల పాత పుస్తకం ఐ చింగ్ పెట్టు, కథ నడుస్తాదంటాడు మా స్నేహితుడు. జోస్యం పెడితే ముగింపు ముందే తెలిసిపోదా? దాంతో ఎవరన్నా రాసినారా?

కడప రమణక్క:
ఎందుకు రాయల్యా! అమెరికా రచయిత ఫిలిప్ కె. డిక్ 1962లో ‘ది మ్యాన్ ఇన్ ది హై కాజిల్’ రాసింది దాంతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచినట్టు కథ. అందులో పాత్ర ఐ చింగ్‌ను అడిగినప్పుడల్లా డిక్ తానే నాణేలేసి, వచ్చిందే రాసినాడంట. చివర్లో జూలియానా అనే పాత్ర, ఆ కథలోనే ఉండే ఒక రచయితను హెచ్చరించాలని వస్తాది. వద్దని పడింటే ఆమెను పంపేవాణ్ణే కాదని డిక్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పినాడు. హ్యూగో అవార్డు అయితే వచ్చింది గానీ, నాకు ఆ ముగింపు తెగ్గోసినట్టే అనిపిస్తాది.

ఇంక నీ భయం. కాలజ్ఞానంలో చెప్పింది జరిగి తీరాల, ఎప్పుడనేదే మిగిలేది. ఐ చింగ్ అట్ల కాదబ్బా. మూడు నాణేలు ఆరుసార్లు వెయ్యాల. బొమ్మకు 3, బొరుసుకు 2. కూడితే 6, 7, 8, 9లో ఏదో ఒకటి. సరి వస్తే విరిగిన గీత, బేసి వస్తే నిండు గీత, కింది నుంచి పైకి గియ్యాల. 6, 9 పడిన గీతలు మారే గీతలు. వాటిని తిప్పితే ఇంకో ఆరు గీతల గుర్తు. అట్లాంటివి మొత్తం 64. ఇప్పుడిట్లుంది, ఇటు తిరగతాంది అంటాది, అంతే. ఏం చెయ్యాల్నో నీ గుమాస్తానే తేల్చుకోవాల. తప్పుగా అర్థం చేసుకున్నాడనుకో, ఇంకా మేలు.

అనంతపురం వెంకటన్న:
నాణేలకు అప్పజెప్పి మనం చేతులు దులుపుకుంటే ఎట్లక్కా? అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్‌ను చూడు. 1971లో ‘ది లేద్ ఆఫ్ హెవెన్’ రాసింది. ఒకని కలలు లోకాన్నే మార్చేస్తాంటాయి, లోకాన్ని బాగుచేద్దామని డాక్టరు వాటిని వాడుకుంటాడు. బాగుచేసే కొద్దీ చెడిపోతాది. లోకాన్ని దాని దారిన పోనియ్యమనే చైనావాళ్ల తావో తత్వమంతా అందులోనే ఉంది, నాణెం ఒక్కటీ పడదు.

కడప రమణక్క:
నిజమే, కానీ పిల్లోడు అడిగింది నాణేల సంగతి గదా!

ప్రొద్దుటూరు పిల్లోడు:
అమ్మను మఠానికి పంపి, గుమాస్తాతో గల్లాపెట్టె రూపాయలే ఎగరేయిస్తా. సేటు చూస్తే ఊరుకుంటాడా! ఆ ఐ చింగ్ పుస్తకం యాడ దొరుకుతాదక్కా?

కడప రమణక్క:
విల్‌హెల్మ్ జర్మన్ తర్జుమాకు 1950లో వచ్చిన ఇంగ్లీషు ప్రతి నా దగ్గరుంది, మనస్తత్వవేత్త యూంగ్ ముందుమాటతో. వచ్చి తీస్కపో. అయితే నెలలో వాపసియ్యాల, మార్జిన్లో పెన్ను పెట్టగూడదు.